లైను పుస్తకంలో రాజేశ్వర్ పేజీ

పుస్తకం రాద్దామని సవిత మేడం అన్నప్పుడు కరెంటు సెక్షన్ ఆఫీసులో ఉన్న ఎనిమిది మంది లైన్‌మన్లలో ఏడుగురికి నవ్వొచ్చింది. రాజేశ్వర్‌కు మాత్రం చెమట పట్టింది. డిసెంబరు నెల, పొద్దున పది గంటలు, ఎండలో నిలబడ్డా చలి వదలని రోజు. చెమట పట్టే వేళా కాదు, కాలమూ కాదు.

మేడం ఆ గదిలో వయసుకు అందరికంటే చిన్నది, హోదాకు అందరికంటే పెద్దది. నిజామాబాద్ నుంచి రోజూ ఎడపల్లికి బస్సులో వచ్చిపోయే ఇంజినీరు. ఆమె చెప్పింది సూటిగానే ఉంది. ఆఫీసు మ్యాపులో ఉన్న లైన్లు వేరు, బయట స్తంభాల మీదున్న లైన్లు వేరు. బయట ఉన్నదాన్ని ఎవరి తలకాయలో వాళ్ళు పెట్టుకుని తిరుగుతున్నారు. అదంతా ఒక పుస్తకంలోకి రావాలి. ఏ లైను ఎక్కడిదాకా పోతుంది, ఏ స్విచ్చు పడదు, ఎక్కడ ప్రమాదం ఉంది, ఇంతకుముందు ఎవరికి ఏం జరిగింది, ఎందుకు జరిగింది. రేపు కొత్తగా వచ్చిన మనిషి ఆ పుస్తకం చదువుకుని స్తంభం ఎక్కాలి.

"రికార్డుల ఉన్నది నాకొద్దు. లైను మీద ఉన్నది చెప్పుండ్రి. తప్పు ఎవరిదని నేను అడుగుత లేను," అంది మేడం. "చెప్పుడు మీ పని, రాసుడు అరుణ్ పని."

మూల బల్ల దగ్గర కూర్చున్న అరుణ్ తల ఊపాడు. ముప్పై రెండేళ్ళ మనిషి. కుడి చొక్కా చేయి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. మోచేతి పై నుంచి కింద చెయ్యి లేదు, జూన్‌లో పోయింది. అప్పట్నుంచి ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు, అక్షరాలు ఇంకా బడిపిల్లల అక్షరాల్లా గీత దాటి పోతుంటాయి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రాజేశ్వర్ కండువా తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ చెయ్యి ఎందుకు పోయిందో ఆ గదిలో ఆయన ఒక్కడికే తెలుసు.

రాజేశ్వర్ చెడ్డవాడని చెబితే ఈ కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ ఆయన చెడ్డవాడు కాదు, అదే తంటా. తండ్రి చెరకు కొట్టే కూలి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు బారులు తీరిన రోజుల్లో, బండి మీద గడల పైన పడుకుని బడి ఎగ్గొట్టిన పిల్లల్లో రాజేశ్వర్ ఒకడు. పదో తరగతి ఎలాగో గట్టెక్కి, కరెంటు స్తంభాలకు గుంతలు తవ్వే కూలికి చేరాడు. గుంతలోంచి స్తంభం మీదికి ఎక్కడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు, రిటైర్ కావడానికి మూడేళ్ళు. చుట్టూ ఊళ్ళల్లో రాజేశ్వర్ ఎవరంటే ఎవరూ చెప్పలేరు గాని, కరెంటు రాజన్న అంటే పాలు తాగే పిల్ల కూడా ఏదో ఒక స్తంభం వైపు చెయ్యి చూపిస్తుంది.

లైన్‌మన్లకు ఒక గుణం ఉంది. ఎవరి లైను వాళ్ళకు సొంత చేను లాంటిది, గట్టు ఎక్కడుందో పక్కవాడికి చెప్పరు. ఏ స్విచ్చు ఎంత గుంజితే పడుతుందో, ఏ పొలంలోంచి పోతే దగ్గరి దారో తెలిసినవాడికే ఫోన్లు వస్తాయి. ఫోన్లు వచ్చినవాడికే ఊళ్ళో కుర్చీ వేసి చాయ్ ఇస్తారు. "రాజన్న వస్తే గాని గాదు" అనిపించుకోవడంలో ఉన్న రుచి జీతంలో కూడా లేదు. ఆ రుచి మరిగిన మనిషి తనకు తెలిసింది పదిమందిలో ఎందుకు పెడతాడు? రాజేశ్వర్ కూడా పెట్టలేదు.

ఏడేళ్ళ కిందటి ఎండాకాలంలో ఒక పని చేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తోటలు ఒక్కొక్కటిగా వరి పొలాలయ్యాయి. వరికి బోర్లు పడ్డాయి, బోర్లకు మోటార్లు వచ్చాయి. అవన్నీ చెరకు ఫీడరు అనే పాత లైను మీద పడ్డాయి. పేరులో తప్ప దాని కింద చెరకు లేదు. ఆ లైను చివర మూడు స్తంభాలున్నాయి. వాటి కింద వోల్టేజీ నిలవక రైతుల మోటార్లు వారానికొకటి కాలిపోయేవి. కొమురయ్య అనే రైతు ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాడు. కాగితం పైకి పోయింది, పైనే ఉండిపోయింది. ఇక్కడ పొట్ట మీదున్న వరి ఎండిపోతోంది.

చివరి స్తంభాన్ని ఆనుకునే కాల్వ ఫీడరు అనే ఇంకో లైను పోతుంది, దాని మీద బరువు తక్కువ. ఒక మధ్యాహ్నం రాజేశ్వర్ రెండు లైన్లూ ఆపించి, ఆ మూడు స్తంభాలను చెరకు ఫీడరు నుంచి తెంపి కాల్వ ఫీడరుకు కలిపేశాడు. ఆరు తీగ ముక్కలు, గంటన్నర పని. సాయంత్రానికి మోటార్లు నీళ్ళు ఎత్తిపోశాయి. వరి బతికింది. కొమురయ్య తన కండువా తీసి రాజేశ్వర్ భుజాన వేసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బతుకులో అంత మంచి పని రాజేశ్వర్ అంతకుముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు.

అనుమతి లేకుండా చేశాడు కాబట్టి ఆఫీసులో చెబితే మెమో ఇస్తారు. కాగితం పాసయ్యాక చెబుదామనుకున్నాడు. కాగితం పాసు కాలేదు. ఆ రోజు కింద తాడు పట్టిన కూలి మనిషి దుబాయి పోయాడు. ఎవరితోనూ అనొద్దని కొమురయ్యకు రాజేశ్వరే చెప్పాడు. ఇక ఆ మూడు స్తంభాలు మ్యాపులో చెరకు ఫీడరువి, నిజంలో కాల్వ ఫీడరువి. అక్కడ ఏ పని వచ్చినా "గా మూడు పోళ్ళు నేను సూసుకుంట" అని తానే పోయేవాడు. అలా ఏడేళ్ళు పోయాడు.

జూన్‌లో ఆయన తల్లి పెంటవ్వ చనిపోయింది. అస్థికలు గోదావరిలో కలపడానికి రాజేశ్వర్ కందకుర్తి పోయిన రోజునే ఇక్కడ ఈదురుగాలి లేచింది. ఆ మూడింటిలో నడిమి స్తంభం మీద పింగాణీ గిన్నె పగిలి తీగ జారింది. అరుణ్ ఇందల్వాయి వైపు నుంచి బదిలీ మీద వచ్చి అప్పటికి మూడేళ్ళు. రాజేశ్వర్‌కు ఫోన్ చేద్దామనుకుని, తల్లి అస్థికలు కలిపే మనిషికి ఫోనేమిటని ఊరుకున్నాడు. సబ్‌స్టేషన్‌కు చెప్పి చెరకు ఫీడరు ఆపించి, ఆపినట్టు నంబరు రాసుకున్నాడు. దాన్నే ఎల్‌సీ తీసుకోవడం అంటారు. తీగలను భూమికి కలిపే ఎర్త్ రాడ్డు మాత్రం వేయలేదు. వేయాలని నియమం. కానీ ఎల్‌సీ చేతిలో ఉన్నాక రాడ్డు మోసుకుపోయేవాడిని అక్కడ అందరూ పిరికివాడనే అంటారు.

చెరకు ఫీడరు చచ్చే ఉంది. ఆ మూడు స్తంభాలు మాత్రం బతికే ఉన్నాయి. నడుముకు తాడు కట్టుకున్నాడు కాబట్టి అరుణ్ కింద పడలేదు, ప్రాణం దక్కింది. నిజామాబాద్ దవాఖానలో కుడిచెయ్యి తీసేశారు.

కబురు తెలిసేసరికి నాలుగైంది. రాజేశ్వర్ గుండు తలతో కందకుర్తి నుంచి బండి మీద నేరుగా ఆ స్తంభం దగ్గరికే వచ్చాడు. దవాఖానకు పోలేదు. మిగతా వాళ్ళంతా దవాఖానలో ఉన్నారు. రెండు లైన్లూ ఆపించి, నడిమి స్తంభం మీద గిన్నె మార్చి తీగ ఎక్కించాడు. తర్వాత చివరి స్తంభం ఎక్కి, ఏడేళ్ళ కిందటి తీగ ముక్కలు విప్పి, మ్యాపులో ఉన్నట్టే అంతా చెరకు ఫీడరుకు కలిపాడు. ఇంకొకరికి ఇలా కావొద్దు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. అది సగం అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే తెలుసు. పొద్దు ఉండగానే కిందికి దిగాడు.

మర్నాడు విచారణకు వచ్చిన పెద్దసార్లకు మ్యాపూ లైనూ ఒక్కలాగే కనిపించాయి. ఏ రైతు జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి వచ్చి ఉంటుందని, రాడ్డు వేయకపోవడం అరుణ్ అజాగ్రత్త అని రాసుకుని పోయారు. అరుణ్‌కు కూర్చుని చేసే పని ఇచ్చారు. అందరూ జాలిపడ్డారు, చేజేతులా చేసుకున్నాడనీ అన్నారు. ఆ మాట తన ముందే నలుగురూ అంటుంటే రాజేశ్వర్ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చునేవాడు.

పుస్తకం మాత్రం అనుకున్నదానికంటే బాగానే నడిచింది. రోజూ మధ్యాహ్నం ఒకరో ఇద్దరో అరుణ్ ముందు కుర్చీ లాక్కుని కూర్చునేవారు. అందరికంటే సీనియర్ సిద్దిరాములు మొదటి రోజే అందర్నీ నవ్వించాడు.

"రాయి అరుణూ. ఇరవై మూడో నంబరు పోలు కాడ విమలమ్మ ఇల్లున్నది. ఆమెకో కుక్కున్నది. మీటరు దిక్కు పోతే పిక్క పట్టి ఇడువది."

"గది గూడ రాయాల్నా సిద్దన్నా?"

"ఎందుకు రాయవు? కరెంటు పడితే రాస్తవు, కుక్క పడితే రాయవా? నాకు పద్నాలుగు సూదులైనయి!"

మేడం కూడా నవ్వి, రాయమంది. అలా కుక్కలు, తేనెపట్లు, నాలుగేళ్ళుగా పడని స్విచ్చులు, పైకి గట్టిగా కనిపించి మొదట్లో పుచ్చిన స్తంభాలు అన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. పదేళ్ళు పక్కపక్కన పనిచేసినవాళ్ళు ఒకరి లైను గురించి ఒకరు విని "గిదా సంగతి!" అని నోరు తెరిచారు. ఇంతకాలం బతికిపోయింది తెలివితో కాదు, అదృష్టంతోనే అని వాళ్ళకు మెల్లగా అర్థమైంది.

అందరికంటే ఎక్కువ పేజీలు రాజేశ్వర్‌వే. ముప్పై ఏళ్ళ గుట్టంతా విప్పి పెట్టాడు, ఎవరికీ చెప్పని దొంగదారులు కూడా చెప్పాడు. ఆ మూడు స్తంభాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మ్యాపులో ఉన్నట్టే చెప్పాడు. ఇప్పుడు అది నిజమే కదా. ఆ పేజీ రాయించిన రోజు ఇంట్లో అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో వాళ్ళిద్దరే ఉన్నారు. ప్రమాదాల పేజీల్లో అరుణ్ తన సంగతి తానే రాసుకుంటున్నాడు.

"పెద్దన్నా, జర గిది ఇను," అని చదివాడు. "జూన్ పద్దెనిమిది. అరుణ్, జూనియర్ లైన్‌మన్. ఎల్‌సీ తీసుకున్నాడు. ఎర్త్ రాడ్డు వేయలేదు. కుడిచెయ్యి పోయింది. కారణం..." అక్కడ ఆగాడు. "కారణం కాడ పెన్ను నడుస్తలేదు పెద్దన్నా. జనరేటర్ అన్నరు గద. గా మూడు పోళ్ళ కింద ఒక్కల కాడ గూడ జనరేటర్ లేదు. మా ఇంటామె హర్షిణి బండి మీద ఎక్కించుకుని పోతే ఇల్లిల్లు అడిగిన. నేనేమన్న తప్పు ఫీడర్ చెప్పిన్నా అని సబ్‌స్టేషన్ బుక్కు సూసిన. చెరకు ఫీడర్ అనే ఉన్నది, నేను అడిగింది గదే, సబ్‌స్టేషన్ల ఆయన బందు జేసింది గదే. మరి ఎక్కడికెల్లి వచ్చె? కండ్లు మూస్తే గిదే. పిచ్చి లేస్తున్నది."

రాజేశ్వర్‌కు, చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని తెలుసు. నోరు తెరిచాడు, వేరే మాట వచ్చింది.

"రాడ్డు ఎయ్యలేవు గద అరుణూ. రాడ్డు ఎస్తే గింత గాకపోవు."

అన్నది నిజమే. అరుణ్ కాసేపు ఆయన ముఖం చూశాడు. "అవు పెద్దన్నా. గదే రాస్త," అన్నాడు. ఎడమ చేత్తో, ఒక్కో అక్షరం దిద్దుతూ, కారణం: సొంత అజాగ్రత్త అని రాశాడు. తన మీద తనకు అంత అసహ్యం రాజేశ్వర్‌కు ఎప్పుడూ కలగలేదు.

జూన్ నుంచి ప్రతి ఆదివారం అరుణ్ ఇంటికి పోయిరావడం అలవాటు చేసుకున్నాడు. ఏవో పండ్లు తీసుకుపోవడం, చాయ్ తాగి రావడం. ఆ ఆదివారం అరుణ్ గుడికి పోయాడు, అతని భార్య హర్షిణి ఒక్కతే ఉంది. రెండేళ్ళ కొడుకు చిన్ను ఆమె చంకలో ఉన్నాడు. చాయ్ గ్లాసు ఇచ్చి ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"రాజన్నా, నువ్వన్న ఆయనకు జర చెప్పు. నాతోని మాట్లాడుడే బందు జేసిండు."

"ఏమైంది బిడ్డా?"

"తప్పు నాదే. ఓనాడు చిన్నుగాన్ని ఎత్తుకోబోయి జార ఇడిసిండు. నాకు పానం గుబుక్కుమన్నది. 'గా రాడ్డు ఎందుకెయ్యలేవు, ఎస్తే మాకు గీ గతెందుకు' అని కోపంల అనేసిన. అప్పటికెల్లి పోరన్ని ముట్టుకుంటలేడు, నా మొకం సూస్తలేడు. అన్న మాట ఎనుకకు తీసుకోనస్తదా రాజన్నా?"

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చిన్నుగాడు రాజేశ్వర్ చేతిలో గ్లాసు కోసం చేయి చాపాడు. రాజేశ్వర్ చాయ్ సగంలో వదిలేసి, పనుందని లేచి వచ్చేశాడు. చెయ్యి ఒక్కటే పోయిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ ఇంట్లో ఇంకా ఏమేం పోయాయో ఆ రోజు లెక్క తెలిసింది.

తిరిగి వస్తుంటే కాల్వ గట్టు మీద కొమురయ్య ఎదురొచ్చి బండి ఆపాడు. పక్క మడిలో యాసంగి నారు పచ్చగా లేచి ఉంది.

"రాజన్నా, మల్ల మోటరు కాలింది. జూన్ దాక మంచిగుండె. మల్ల గా కాల్వ లైనుకే కలుపు."

"గట్ల కుదరదు కొమురన్నా. మేడం ఉన్నది."

"నేను ఎవ్వలకన్న సెప్తనా? నువ్వు సెప్పొద్దన్న సంది నా పెండ్లానికి గూడ సెప్పలే." కొమురయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "గా పిలగాని సెయ్యి పోయిన తెల్లారి పెద్దసార్లు అచ్చి అడిగిన్రు. గీ పోళ్ళకు కరెంటు ఏడికెల్లి అస్తదని. నాకు తెల్వదన్న. నీ పేరు ఎత్తుతనా? నా పంట నిలవెట్టినోనివి."

అంటే ఈ మనిషికి అంతా తెలుసు. తెలిసి, కృతజ్ఞత కొద్దీ నోరు మూసుకున్నాడు. అతను మోసగాడు కాదు, విశ్వాసం గలవాడు. తాను చేసిన మంచి పని ఇద్దరు మంచివాళ్ళను ఇలా దొంగలను చేసింది.

"సూస్త," అన్నాడు, అతన్ని వదిలించుకోవడానికి. అంటూనే తల ఎత్తి చివరి స్తంభం వైపు చూశాడు. రెండు లైన్ల నడుమ దూరమెంత, తీగ ఎంత కావాలి అని మనసు తనకు తెలియకుండానే కొలిచేసింది. అది గమనించి చటుక్కున చూపు దించుకున్నాడు. ఇంకోసారి బతిమాలితే ఇంకోసారి చేస్తాడు. పుస్తకంలో ఒకటి ఉంటుంది, స్తంభం మీద ఒకటి ఉంటుంది. ఇంకో అరుణ్ పుస్తకం నమ్మి ఎక్కుతాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య రాధాబాయి వాకిట్లో కూర్చుని బీడీల ఆకు కత్తిరిస్తోంది. ఎవరి ముఖమైనా చూసి మాట చెప్పగల మనిషి.

"ఆర్నెల్ల సంది సూస్తున్న. అత్త పోయిన దుఃఖం గాదు గిది. ఏందో చెప్పు," అంది.

చెప్పాడు. మొదటిసారి ఒక మనిషికి మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు.

"మరి గిన్ని ఆదివారాలు గా పిల్ల ఇంటికి పోయి చాయ తాగొచ్చినవా?" అంది చివరికి.

రాజేశ్వర్ తల దించుకున్నాడు. "గిప్పుడు చెప్తే నౌకరి పోతది రాధా. కేసు గూడ అయితదేమో."

"పోతే ఎట్ల బతుకుతమో నాకు తెల్వదు. నాకు గూడ భయమైతున్నది," అందామె. "గాని చెప్పకుంట మల్ల ఆ ఇంట్ల చాయ తాగకు."

మర్నాడు సోమవారం. పుస్తకం మంగళవారం నిజామాబాద్‌కు అచ్చుకు పోవాలి. మేడం బోధన్‌లో మీటింగుకు పోయింది, మధ్యాహ్నం దాటాక వస్తుంది. మిగతా వాళ్ళు లైన్ల మీద ఉన్నారు. అరుణ్ పేజీలకు నంబర్లు వేస్తున్నాడు. రాజేశ్వర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒక పేజీ మిగిలింది. రాసుకో."

"ఇంక గూడ ఉన్నయా పెద్దన్నా నీ కాడ?" అని నవ్వి అరుణ్ కొత్త పేజీ తీశాడు.

రాజేశ్వర్ ఎదురుగోడ చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. "చెరకు ఫీడర్ చివరి మూడు పోళ్ళు. ఏడేండ్ల కింద ఎండకాలంల నేను వాటిని కాల్వ ఫీడర్‌కు కలిపిన. పర్మిషన్ తీసుకోలే. మ్యాపుల ఎక్కియ్యలే. ఎవ్వలకు చెప్పలే." ఊపిరి తీసుకున్నాడు. ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు. "జూన్ పద్దెనిమిది నాడు అరుణ్ తీసుకున్న ఎల్‌సీ సరైందే. ఆయనకు తగిలిన కరెంటు కాల్వ ఫీడర్‌ది. కారణం నేను."

మొదటి రెండు వాక్యాల దాకా పెన్ను కదిలింది. తర్వాత కదల్లేదు. అరుణ్ ముఖంలో కోపం రాలేదు. ముందు నోరు కొంచెం తెరుచుకుంది, తర్వాత కళ్ళు నిండాయి.

"అంటే నేను ఫోన్ల తప్పు చెప్పలే," అన్నాడు.

"చెప్పలే."

"నాకు పిచ్చి లెవ్వలే."

"లేదు అరుణూ."

"ఆర్నెల్లు పెద్దన్నా. దినాం పొద్దుగాల లేచి అదే సోంచాయించిన. మొన్న గూడ నిన్నే అడిగిన గద. గీడనే కూసోని అడిగిన."

అరుణ్ ఎడమ చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. తన పాత పేజీ తీసి చూసుకున్నాడు. "రాడ్డు నేను ఎయ్యలే. అది నా గల్తీ. అది ఉండనీ, కొత్తోళ్ళు సదువాలె," అన్నాడు. కారణం అన్న మాట పక్కన ఉన్నదాన్ని మాత్రం కొట్టేశాడు. కొట్టేస్తూ హఠాత్తుగా ఆగాడు.

"మరి తెల్లారి సార్లు వచ్చినప్పుడు ఫోటోలు తీసిన్రు. మేడం నాకు సూపించింది. వాటిల్ల చెరకు ఫీడర్‌కే కలిసి ఉన్నయి గద?"

ఇంతదాకా చెప్పగలిగానని రాజేశ్వర్ లోలోపల అప్పుడే కొంచెం తేలికపడుతున్నాడు. దాన్ని ఎవరూ అడగరనుకున్నాడు. అడగకపోతే అలాగే వదిలేద్దామనుకున్నాడు.

"ఎవ్వలు మార్చిన్రు?"

"నేనే."

"ఎప్పుడు?"

"గా నాడే. కందకుర్తికెల్లి రాంగనే."

అరుణ్ పెన్ను బల్ల మీద పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది, అదే రాజేశ్వర్‌కు భరించరానిదైంది.

"గప్పుడు దవాఖానల ఆపరేషన్ కాయితం పట్టుకుని హర్షిణి వరండాల కూసున్నది. డాక్టర్లు తొందర పెడుతున్నరు. 'రాజన్న వచ్చి చెప్తేనే సంతకం పెడుత, రాజన్న పెద్దమనిషి, ఆయనకు తెలుస్తది' అన్నదట. రెండు గంటలు నీ కోసం సూసింది. నువ్వు పోలు మీద ఉన్నవా?"

రాజేశ్వర్ ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బల్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అరుణ్ ఓదార్చలేదు. తిట్టనూ లేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, పుస్తకాన్ని ఆయన వైపు తిప్పాడు, దాని మీద పెన్ను పెట్టాడు.

"గిది నేను రాయ. నీకు రెండు చేతులున్నయి గద. నువ్వే రాయి."

లేచి వరండాలోకి పోయాడు. రాజేశ్వర్ పెన్ను తీసుకున్నాడు. అరుణ్ వదిలిన చోటి నుంచి మొదలుపెట్టి, గోడను చూస్తూ చెప్పినదంతా ఇప్పుడు కాగితం చూస్తూ రాశాడు. జూన్ పద్దెనిమిది సాయంత్రం దాకా వచ్చాడు. నేను కందకుర్తి నుంచి వచ్చి అని రాసి ఆగాడు. తర్వాతి మాట "దవాఖానకు పోకుండా." అది లేకపోయినా వాక్యం నిలబడుతుంది. లైన్ల పుస్తకానికి ఆ మాటతో పని లేదు, మేడం కూడా అడగదు.

కిటికీ అవతల అరుణ్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "హర్షిణీ, ఇంటున్నవా? నా ఎల్‌సీల తప్పు లేదట. నేను పిచ్చోన్ని గాదట." ఆ తర్వాత మాట రాక వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అవతల ఆమె ఏమందో గాని, "అవు, జల్ది వస్త. చిన్నుగాన్ని పండుకోనియ్యకు," అన్నాడు.

రాజేశ్వర్ తాను ఆగిన ఆ మాట కూడా రాశాడు. దవాఖానకు పోకుండా స్తంభం దగ్గరికి పోయి, తప్పు కనిపించకుండా తీగలు మార్చాను. కింద సంతకం పెట్టి, మేడం వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.